పెత్తరమాస నాడు అడిగే పేర్లు

శ్రోతలకు నమస్కారం.

భాద్రపద అమావాస్యను మా నల్లగొండ పల్లెల్లో పెత్తరమాస అంటాం. ఆ రోజు పెద్దలకు బియ్యం ఇయ్యాలి. బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు, తోచినంత దక్షిణ కలిపి అయ్యగారికి ఇస్తారు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పోయినవాళ్ల తలపు, పొద్దుగూకాక పూలు, పాటలు. ఈ రెండింటినీ ఒకే రోజున పెట్టుకున్న మన పెద్దల మనసు నాకు చాలా ఇష్టం.

బియ్యం తీసుకునేటప్పుడు అయ్యగారు మూడు తరాల పేర్లు అడుగుతారు. మా నాయన తన తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గడగడా చెప్పేవాడు. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి తల్లి పేరు చెప్పి, నాయనమ్మ పేరు దగ్గర ఆగిపోయేవాడు. ఆమెను అందరూ ముసలవ్వ అనే పిలిచారట. 2016 కృష్ణా పుష్కరాల్లో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లిలో పిండం పెట్టినప్పుడూ అంతే, అక్కడే ఆగాడు.

నారాయణపేట జిల్లా ముడుమాలలో వేల ఏళ్లనాటి నిలువురాళ్లున్నాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఎవరు నిలబెట్టారో, వాళ్ల పేర్లేమిటో ఎవరికీ తెలియదు. అయినా ఊరివాళ్లు నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు. రాయి మిగిలింది, పేరు పోయింది. అది చూసినప్పుడల్లా నాకు ముసలవ్వే గుర్తొస్తుంది.

మా నాయన చనిపోయిన ఏడాది, మా అన్న కొడుకు తాత ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. "ఒక్కరోజుకు మాయమయ్యేదానితో ఏం మర్యాదరా?" అని కసిరాను. వాడు మాట్లాడలేదు. ఆ రాత్రి మా అమ్మ మంచం పక్కన కూర్చుని, ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి, "నానమ్మా, ముసలవ్వ పేరేంది?" అని అడిగాడు.

అమ్మ వెంటనే చెప్పింది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు నీళ్లు తోడింది, అన్నం తినిపించింది, తల దువ్వింది తనే కదా. మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటే, "అత్తింటి పెద్దల పేరు కోడలు నోట అనొద్దంటరు. నన్నెవరడిగిన్రు?" అంది.

వాడిని కసిరినందుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి పెత్తరమాసకు అయ్యగారు పేర్లు అడిగితే, మా అన్న కొడుకు ఫోన్ తీసి చదివాడు. తలుపు వెనక నిలబడ్డ అమ్మ, ముసలవ్వ పేరు రాగానే, "ఇంకోసారి చదువు బిడ్డా" అంది.