ఇంటి షెడ్డులో సీఎన్‌సీ కోత బల్ల: మోటార్ల కంటే ముందు చట్రం

వ్యాఖ్యాత: నమస్కారం. కంప్యూటర్ ఆదేశాల ప్రకారం కదిలే ప్లాస్మా టార్చితో లోహపు రేకును కోసే సీఎన్‌సీ ప్లాస్మా బల్లను ఇంట్లోనే కట్టుకోవాలనుకునే వారి కోసం ఈ భాగం. హైదరాబాద్ కుషాయిగూడలో తమ ఇంటి వెనుక షెడ్డులో అటువంటి బల్లను కట్టి, గేట్లకూ గ్రిల్లులకూ రేకు కోసి ఇస్తున్న ఫ్యాబ్రికేటర్ గారు ఈ రోజు మనతో ఉన్నారు. మీ దగ్గరకు వచ్చేవారు మొదట ఏమి అడుగుతారండీ?

అతిథి: ఏ మోటారు కొనాలి, ఏ బోర్డు కొనాలి అని అడుగుతారండీ. చట్రం కర్ణాలు కొలిచారా అని నేను వారిని అడుగుతాను. 1,200 మిల్లీమీటర్ల పొడవు, 900 మిల్లీమీటర్ల వెడల్పు గల చట్రానికి రెండు కర్ణాలూ సరిగ్గా 1,500 రావాలి. ఇది మేస్త్రీలు పునాది గీసేటప్పుడు వాడే మూడు, నాలుగు, అయిదు లెక్కే. ఆ రెండు కొలతల్లో తేడా ఉంటే, ఎంత ఖరీదైన మోటారు పెట్టినా కోసిన ముక్క మూలలు పక్కకు వాలుతాయి.

వ్యాఖ్యాత: వెల్డింగ్ చేసేటప్పుడు చట్రం వంకర పోకుండా ఏమి చేయాలి?

అతిథి: స్క్వేర్ పైపులను నేల మీద కాకుండా, రసమట్టంతో సరిచూసిన రెండు దూలాల మీద పేర్చుకోవాలి. మొదట మూలల్లో చిన్న చిన్న ట్యాకులు, అంటే తాత్కాలిక వెల్డింగ్ చుక్కలు మాత్రమే వేసి, కర్ణాలు మళ్లీ కొలిచి, ఆ తరువాత ఒక మూలలో కొంత, దానికి ఎదురు మూలలో కొంత చొప్పున వెల్డింగ్ పూర్తి చేయాలి. ఎందుకంటే వేడెక్కిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుని పైపును తన వైపు లాగుతుంది. కర్ణాలు సమానంగా వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు, చట్రం మెలి తిరిగి ఉండవచ్చు. దానిని పట్టుకోవడానికి ఎదురెదురు మూలల మధ్య రెండు సన్నని దారాలు బిగించి కట్టండి. నడుమ అవి ఒకదానినొకటి తాకీ తాకనట్టు ఉండాలి. పై దారాన్ని కిందికీ, కింది దారాన్ని పైకీ మార్చి మరోసారి చూడాలి. కింది దారం పై దారాన్ని ఎత్తి పెడుతూ ఉంటే మొదటిసారి అది కంటికి తెలియదు. మార్చినప్పుడు రెండింటి మధ్య సందు కనబడుతుంది.

వ్యాఖ్యాత: ఈ తేడాలను సాఫ్ట్‌వేర్‌లో సరిదిద్దుకోలేమా?

అతిథి: కొంతవరకు వీలవుతుంది. ఆర్క్ ఓల్టేజీని గమనిస్తూ టార్చిని పైకీ కిందికీ జరిపే హైట్ కంట్రోల్ ఉంటే, ప్లాస్మాలో కొద్దిపాటి మెలిక చెల్లిపోతుంది. చెక్కను చెక్కే రౌటర్‌లో అది చెల్లదు, గాడి లోతు ఒకచోట ఒకలా, మరొకచోట మరొకలా వస్తుంది. అయితే గ్యాంట్రీ, అంటే టార్చిని మోస్తూ బల్ల మీద ముందుకూ వెనక్కూ కదిలే అడ్డ దూలం, పక్కకు వాలడం రెండింటికీ చేటే. ఇరువైపులా చెరొక మోటారు ఉన్న గ్యాంట్రీలో, కరెంటు పోయినప్పుడు ఒక వైపు కాస్త జరిగే అవకాశం ఉంది కనుక, రెండు వైపులా విడివిడిగా హోమింగ్ స్విచ్చులు (మొదలు స్థానాన్ని గుర్తించేవి) పెట్టి, యంత్రం మొదలుపెట్టిన ప్రతిసారీ చదరం చేసుకోవాలి. మోటార్లను నడిపే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లలో, జీఆర్‌బీఎల్ పాత కూర్పులలో ఈ సదుపాయం లేదు, జీఆర్‌బీఎల్-హాల్, ఫ్లూయిడ్‌ఎన్‌సీ వంటి వాటిలో ఉంది.

వ్యాఖ్యాత: మోటార్ల లెక్క కూడా ఒకసారి చెప్పండి.

అతిథి: మాడ్యూల్ (పంటి కొలత) ఒకటి గల రాక్, అంటే పళ్ల పట్టీ మీద, 20 పళ్ల పినియన్ చక్రం ఒక చుట్టు తిరిగితే 62.83 మిల్లీమీటర్లు కదులుతుంది. చుట్టుకు 200 స్టెప్పులు వేసే స్టెప్పర్ మోటారును, ఒక్కో స్టెప్పును ఎనిమిది మైక్రోస్టెప్పులుగా విడగొట్టి నడిపితే చుట్టుకు 1,600 పల్సులు, అంటే మిల్లీమీటరుకు పాతికకు కాస్త పైన. ఇది చాలదు. నాలుగుకు ఒకటి చొప్పున బెల్టు తగ్గింపు పెడితే మిల్లీమీటరుకు దాదాపు 102 పల్సులు వస్తాయి, బలమూ పెరుగుతుంది. నేమా 23 సైజు మోటార్లు సరిపోతాయి.

వ్యాఖ్యాత: సామాను ఎక్కడ తెచ్చుకోవచ్చు?

అతిథి: బేరింగులు, బోల్టులకు రాణిగంజ్, ఎలక్ట్రానిక్స్‌కు కోఠీలోని గుజరాతీ గల్లీ. గ్యాంట్రీ జారే రైలును బిగించే పట్టీని మాత్రం బాలానగర్‌లో మిల్లింగ్ చేయించుకోవడం మేలు, పైపు ముఖం ఎప్పుడూ పూర్తిగా చదునుగా ఉండదు.

వ్యాఖ్యాత: ప్లాస్మా వెలిగినప్పుడు కంట్రోలర్ ఆగిపోతుందని కొందరు అంటారు.

అతిథి: హై ఫ్రీక్వెన్సీతో వెలిగే ప్లాస్మా యంత్రాలు సిగ్నల్ తీగల్లోకి అలజడిని పంపుతాయి, అందుకే వీలైతే ఆ రకాన్ని కొనకుండా, పైలట్ ఆర్క్ (మొదట వెలిగే చిన్న ఆర్క్) గలిగిన, గాలి ఒత్తిడితో వెలిగే బ్లోబ్యాక్ టార్చి తీసుకోమంటాను. షీల్డు తీగలు వాడి, బల్లకు విడిగా ఎర్తింగ్ రాడ్డు పాతించండి. ఇంటికి సింగిల్ ఫేజ్ కనెక్షన్ ఉంటే, యంత్రానికీ కంప్రెసర్‌కూ కలిపి లోడ్ ఎంతవుతుందో ఎలక్ట్రీషియన్ చేత లెక్క కట్టించుకున్న తరువాతే కొనండి. వానాకాలంలో గాలిలోని తేమ కంప్రెసర్ ద్వారా టార్చికి చేరితే నాజిల్ తొందరగా పాడవుతుంది, కాబట్టి డ్రయర్ తప్పనిసరి.

వ్యాఖ్యాత: బల్ల కింద నీటి తొట్టె పెడితే పొగ తగ్గుతుందంటారు. దానితో ఏ లోహమైనా కోయవచ్చా?

అతిథి: మైల్డ్ స్టీలుకు అది చాలా మంచిది. అల్యూమినియం విషయంలో మాత్రం జాగ్రత్త. దాని పొడి నీటితో చర్య జరిపి హైడ్రోజన్ విడుదల చేస్తుంది, అది రేకు కింద చేరితే నిప్పురవ్వకు పేలవచ్చు. తొట్టెను శుభ్రం చేయకుండా, గాలి ఆడే ఏర్పాటు లేకుండా అల్యూమినియం కోయవద్దు. జింకు పూసిన రేకు పొగ పీల్చితే జ్వరం వస్తుంది, కాబట్టి షెడ్డు తలుపులు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడిపి, తగిన మాస్కు పెట్టుకుని మాత్రమే ఆ పని చేయండి.