రెండో లెక్క

శ్రోతలకు నమస్కారం.

గత ఏడాది మా గోదావరి లంకలో ఒక కొబ్బరి రైతు కాలం చేశారు. కబురు తెలిసిన పూటలోనే ఆయన కుమారుడి ఫోనుకు వందకు పైగా సందేశాలు వచ్చాయి. అన్నిటిలోనూ ‘ఓం శాంతి’ అన్న రెండు మాటలు, జోడించిన చేతుల బొమ్మ. “పంపినవారి పేరు చెరిపేస్తే ఏది ఎవరిదో తెలియదు బాబాయి గారూ” అన్నాడు ఆ అబ్బాయి నాతో.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 2013 జూలైలో ముగిసిన తంతి (టెలిగ్రాం) సేవలో కూడా శుభాకాంక్షల వాక్యాలకు ముందే అంకెలు కేటాయించి ఉండేవి. అంకె చెబితే అవతలి ఊరికి వాక్యం చేరేది. అయితే అక్కడ మాటకింత అని రుసుము ఉండేది కనుక ఆ పొదుపుకు అర్థం ఉంది. మాటకు ఖర్చే లేని ఈ రోజుల్లో మనం రెండక్షరాలు కొట్టేసరికి మిగిలిన మాటను ఫోనే అందిస్తోంది, మనమూ సరేనంటున్నాం.

వెనుకటి రోజుల్లో నరసాపురం వైపు బంధువులు వశిష్ఠ అనే గోదావరి పాయను పంటు మీద, అంటే బల్లకట్టు లాంటి పెద్ద పడవ మీద దాటి, సఖినేటిపల్లి రేవులో దిగి పరామర్శకు వచ్చేవారు. చెప్పులు అరుగు కింద విడిచి, కాసేపు ఊరకే కూర్చుని, పోయిన మనిషి గురించి తమకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి చెప్పేవారు: ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన 1986 ఆగస్టు వరదలో ఆయన పశువులను ఏటిగట్టు మీదికి ఎలా తోలారో, ఏ పెళ్లి పందిట్లో ఎందుకు అలిగారో. (అలకల కథలే ఎక్కువగా వినిపించేవనుకోండి.) మనిషి ప్రత్యేకత అతని ఒక్కడి సొత్తు కాదనీ, ఇలా ఇతరుల జ్ఞాపకాల్లో విడివిడిగా దాగి ఉంటుందనీ నాకు తోస్తుంది. అందరం ఒకే మాట పంపినప్పుడు మన గొంతుతో పాటు పోయినవారి పోలిక కూడా చెరిగిపోతుంది.

ఆ రైతు పోయిన పదో రోజు సాయంత్రం, చెట్టెక్కి కాయలు దింపే దింపు కార్మికుడు ఒకడు వాళ్లింటికి వచ్చాడు. ఆయన దగ్గర ఫోను లేదు. చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, “అయ్యగారు కాయల లెక్క ఎప్పుడూ రెండుసార్లు వేసేవారండి. రెండోసారి మాకే ఎక్కువొచ్చేదండి” అన్నాడు. ఆ అబ్బాయి లోపలికి వెళ్లి తండ్రి లెక్కల పుస్తకం తెచ్చి, దీపం దగ్గర తిరగేశాడు. పేజీ పేజీకీ మొదటి లెక్క కొట్టేసి ఉంది, రెండోదాని కింద గీత ఉంది.