ధర పెరిగింది సరే, వాచీ మీద తృప్తి పెరిగిందా?

నమస్తే అండీ. నా చేతిలో రెండు వాచీలున్నాయి, దగ్గరగా చూడండి. ఇది బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్. సెకన్ల ముల్లు సెకనుకోసారి టక్కుమని గెంతుతోంది, పైగా గీత మీద కాకుండా కాస్త పక్కన ఆగుతోంది. అది కీ ఇచ్చే మెకానికల్ వాచీ. ముల్లు నున్నగా జారిపోతోంది కదా? నిజానికి అదీ గెంతుతున్నదే, సెకనుకు 8 సార్లు. మన కంటికి ఆనదంతే.

కానీ టైమ్ విషయానికొస్తే జారేదే ఓడిపోతుంది. మెకానికల్ వాచీ కచ్చితంగా నడుస్తుందని పరీక్షించి ఇచ్చే స్విస్ క్రోనోమీటర్ సర్టిఫికెట్‌కి సగటున రోజుకు 4 సెకన్లు వెనకబడినా, 6 సెకన్లు ముందుకెళ్లినా ఫర్వాలేదు. లోపల క్వార్ట్జే ఉండే కాసియో ఎఫ్-91డబ్ల్యూ లాంటి చవక డిజిటల్‌కి నెల మొత్తానికి 30 సెకన్ల తేడా!

ఒకప్పుడు ఆ కచ్చితత్వానికే జనం డబ్బు పోసేవాళ్లు. 1969 డిసెంబరులో సీకో మొదటి క్వార్ట్జ్ వాచీ తెచ్చింది, ధర 4,50,000 యెన్లు. ఆ డబ్బుకి అప్పట్లో జపాన్‌లో చిన్న కారు వచ్చేది. 1972లో వచ్చిన పల్సర్ అనే డిజిటల్ వాచీ ఇంకా విచిత్రం. 2,100 డాలర్లు పెట్టి కొన్నా, బటన్ నొక్కితే తప్ప టైమ్ కనిపించదు! నలుగురిలో ఆ ఎర్ర అంకెలు వెలిగించడంలోనే ఉంది దర్జా అంతా. 1976కల్లా టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఆ రకం వాచీని ప్లాస్టిక్‌లో చేసి 20 డాలర్లకే ఇచ్చేసింది. దర్జా కాస్తా గాలికి పోయింది.

మెకానికల్ వాచీలు చేసే స్విస్ కంపెనీలు ఈ చవక వాచీల దెబ్బకి కుదేలయ్యాయి. 1983లో 51 భాగాలతోనే చేసిన స్వాచ్ అనే చవక ప్లాస్టిక్ క్వార్ట్జ్ వాచీ వచ్చాకే కాస్త ఊపిరి పీల్చుకున్నాయి. మెకానికల్ వాచీ మాత్రం మెల్లగా నగల లెక్కలో చేరిపోయింది. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ ఒకప్పుడు పెట్టుకున్న రోలెక్స్ డేటోనా ధర 2017 వేలంలో 1 కోటి 77 లక్షల డాలర్లు దాటింది.

నాకు నచ్చనిది ఇక్కడే మొదలైంది. కొవిడ్ రోజుల్లో పేరున్న స్టీలు వాచీలు షోరూమ్ ధర కంటే ఎంతో ఎక్కువకి చేతులు మారాయి. 2022 తర్వాత ఆ రేట్లు దిగాయనుకోండి, అది వేరే సంగతి. గీత పడితే రీసేల్ పోతుందని ప్లాస్టిక్ పొర కూడా తియ్యకుండా లాకరులో పెట్టేవాళ్లున్నారు. ఇక తృప్తెక్కడ, మిగిలేది టెన్షనే కదండీ?

రోజూ పెట్టుకోవాలంటే నా ఓటు చవక డిజిటల్‌కే. ముల్లు జారుతుంటే చూడ్డం ఇష్టమైతే మెకానికల్ తీసుకోండి, తప్పులేదు. కాకపోతే కొన్నేళ్లకోసారి విప్పి, శుభ్రం చేసి, నూనె వేయించాలి. బేరమాడేటప్పుడే ఆ సర్వీసింగ్ రేటు కూడా అడిగేయండి.