మోర్స్ పరీక్ష ఇంకా కావాలా?

శ్రోతలకు నమస్కారం.

ముందుగా ఈ చప్పుడు వినండి: డా డి డా. అక్షరాలను పొట్టి (డి లేదా డిట్), పొడుగు (డా) చప్పుళ్లుగా పంపే మోర్స్ కోడ్‌లో ఇది 'కె' అక్షరం. పద్యాలు చదువుకున్నవాళ్లకు ఇది గురువు, లఘువు, గురువు. ర గణమన్నమాట. ఈ సంగతికి మళ్లీ వద్దాం.

మన దేశంలో హ్యామ్ రేడియోకు, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా నడిపే సొంత వైర్‌లెస్‌కు, 1978 నాటి నిబంధనలున్నాయి. సవరణల తర్వాత వాటిలో లైసెన్సుకు రెండు గ్రేడ్లు ఉన్నాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ అక్కర్లేదు. జనరల్ గ్రేడ్‌కు మాత్రం నిమిషానికి 8 మాటల వేగంతో పంపాలి, విని రాసుకోవాలి. 30 మెగాహెర్ట్జ్ కన్నా కింది ఫ్రీక్వెన్సీలకు మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ నియమం 2003లో జెనీవా రేడియో సదస్సుతోనే పోయింది. పెట్టుకోవడం, మానుకోవడం ఆయా దేశాల ఇష్టం. బ్రిటన్ ఆ ఏడే తీసేసింది, అమెరికా 2007లో.

పరీక్ష ఉండాలనేవాళ్లు వరదల మాట ఎత్తుతారు. అందులో నిజం లేకపోలేదు. ఏటూరునాగారం అడవి నుంచి హైదరాబాద్‌కు చేతి సెట్టు అందదు. 7 మెగాహెర్ట్జ్‌కు రెండు వైపులా చెరి 10 మీటర్ల తీగ లాగి, 5, 6 మీటర్ల ఎత్తున కడితే, పగటిపూట సిగ్నల్ నిట్టనిలువుగా పైకి పోయి, పై వాతావరణంలోని అయనావరణానికి తగిలి చుట్టుపక్కల జిల్లాల మీద దిగుతుంది. మాటకు సుమారు 2,500 హెర్ట్జ్ వెడల్పు కావాలి, మోర్స్‌కు 200 లోపే చాలు. అందుకే ఉరుముల గరగరలో 5 వాట్ల మాట మునిగిపోయినా 5 వాట్ల డిట్, డా వినబడతాయి.

కానీ అవతలివాడికీ మోర్స్ రావాలి కదా! 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు జనం ఇండ్ల కప్పులెక్కారు. అలాంటప్పుడు ఏ ఇంటి మీద ఎంతమంది, ముసలివాళ్లెందరు, నీళ్లు ఎంత ఎత్తున్నాయి అన్నది పడవలో ఉన్నవాళ్లకు తెలుగులో చేరాలి. తెలుగు అక్షరాలకు వాడుకలో మోర్స్ సంకేతాలు లేవు, ఇంగ్లీషులోకి మార్చాల్సిందే. ఆపద కోసమే పరీక్ష అయితే, అంకెలున్న 20 మాటల సందేశాన్ని తప్పు పోకుండా పంపించి, తిరిగి చదివించుకోవడం వచ్చా అని చూడాలి. మోర్స్ షరతు తీసేయాలనే నా అభిప్రాయం.

ఇంకో కారణం కూడా ఉంది: ఈ పరీక్షే మోర్స్‌ను చెడగొడుతోంది. 8 మాటల వేగంలో ఒక డిట్ 150 మిల్లీసెకన్లు, డా దానికి మూడింతలు. అంత నిదానంగా వస్తే ఎవరైనా వేళ్ల మీద లెక్కపెడతారు. మూడా, నాలుగా? ఎస్సా, హెచ్చా? లెక్కతో నేర్చినవాడు పరీక్ష గట్టెక్కుతాడు గానీ 10, 12 మాటల దగ్గర ఆగిపోతాడు, ఆ మీద లెక్కకు టైం చాలదు. మందు ఒకటే. అక్షరాన్ని 18 మాటల వేగంతోనే వినాలి, అక్షరానికీ అక్షరానికీ నడుమ ఖాళీ మాత్రం పెంచుకోవాలి. చుక్కలు గీతలున్న పట్టిక గోడకు అంటించకండి. 'కె', 'ఎం' అక్షరాలతో మొదలుపెట్టి, పదింట తొమ్మిది సరిగ్గా వచ్చాకే మూడో అక్షరం కలపండి.

ఇష్టంతో నేర్చుకునేవాళ్లు కాగితం పట్టండి, సాధనకు కూత పెట్టే చిన్న సర్క్యూట్ చెబుతాను. 555 ఐసీ అనే ఎనిమిది కాళ్ల చిప్ 1వ కాలు నెగటివ్‌కు, 4, 8 పాజిటివ్‌కు. 8కీ 7కీ మధ్య 1 కిలోఓమ్, 7కీ 6కీ మధ్య 10 కిలోఓమ్. 2ను 6తో కలిపి, అక్కణ్నుంచి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ నెగటివ్‌కు. 3 నుంచి 10 మైక్రోఫారడ్, 47 ఓమ్, 8 ఓమ్ స్పీకర్ వరుసగా నెగటివ్‌కు. 9 వోల్టుల బ్యాటరీ పాజిటివ్ తీగలో కీ, అంటే నొక్కే మీట. దాదాపు 690 హెర్ట్జ్ కూత వస్తుంది. 2, 6 కలపడం మరిస్తే మూగదే. ఐసీ సప్లైకి అడ్డంగా పెద్ద కెపాసిటర్ పెడితే కీ వదిలాక కూడా కూత సాగుతుంది, డిట్‌లన్నీ అతుక్కుపోతాయి. కీ కొనల మధ్య పోస్టుకార్డు మందం ఎడం చాలు. వేళ్లతో కాదు, మణికట్టుతో కొట్టాలి. ఇది గాల్లోకి ఏమీ పంపదు కాబట్టి లైసెన్సు అక్కర్లేదు.

ఇక గణాల సంగతి. గురువుకు రెండు మాత్రలే, డాకు మూడు, అంతే తేడా. మోర్స్‌లో మూడు దెబ్బల అక్షరాలు ఎనిమిది, మన మూడక్షరాల గణాలూ ఎనిమిదే, ఒక్కటీ తప్పదు. న గణం ఎస్, మ గణం ఓ. న, మ, న అంటే ఎస్ఓఎస్. ఉత్పలమాల పాదాన్ని గణానికీ గణానికీ మధ్య కాస్త ఆగుతూ కీ మీద కొట్టి చూడండి: భ, ర, న, భ, భ, ర, వ. అవతల వింటున్నవాడు డి, కె, ఎస్, డి, డి, కె, ఎ అని రాసుకుంటాడు.