పై అంతస్తు వేడి: స్ప్రే ఫోమ్ డాబా మీదా, సీలింగ్ కిందా?

అందరికీ నమస్కారం.

కొన్నాళ్లుగా మన కాలనీలో పై అంతస్తువాళ్లు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "యూట్యూబ్‌లో చూశామండీ, అమెరికాలో ఇంటి కప్పు కింద గన్నుతో నురగ కొడుతున్నారు. చూస్తుండగానే ఉబ్బి గట్టిపడుతోంది. ఏసీ బిల్లు తగ్గుతుందట. మన స్లాబు కింద కూడా కొట్టిస్తే సరిపోదా?" ఈ పని చేసే కాంట్రాక్టర్లు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ దొరుకుతున్నారు. ఎవరో ఒకరు అడ్వాన్సు ఇచ్చేలోపే ఈ మాట చెప్పాలని వచ్చాను. ఈ నురగ, అంటే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసే స్ప్రే ఫోమ్, మంచి సరుకే. కానీ మన కాంక్రీటు ఇంటికి అది ఉండాల్సిన చోటు సీలింగ్ కాదు, డాబా. రేకుల గది అయితే లెక్క వేరు. దాని గురించి కూడా చెబుతాను, ఎందుకంటే ఎండాకాలంలో మనందరికంటే ఎక్కువ అవస్థ పడేది ఆ గదుల్లో ఉండేవాళ్లే.

అమెరికాలో చాలా ఇళ్లకు కప్పు ఏటవాలుగా, చెక్కతో ఉంటుంది. ఆ చెక్కకీ గది సీలింగ్‌కీ మధ్య అటక లాంటి ఖాళీ ఉంటుంది. టెక్సాస్, అరిజోనా లాంటి వేడి రాష్ట్రాల్లో ఏసీ గొట్టాలు చాలాచోట్ల ఆ ఖాళీలోంచే పోతాయి. ఎండాకాలం మధ్యాహ్నం అక్కడి గాలి 50 డిగ్రీలు దాటుతుంది. అంత వేడిలోంచి చల్లగాలిని పంపితే దారిలోనే కొంత చల్లదనం వృథా. అందుకని చెక్క అడుగున ఫోమ్ కొట్టి, అటకను కూడా ఇంటి లోపలి భాగంలా మార్చుకుంటారు. పల్చటి చెక్క వేడిని ఎక్కువసేపు దాచుకోదు కాబట్టి ఆ పద్ధతి వాళ్లకు నప్పింది.

మన స్లాబు అలా కాదు. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తిన ఉంటాడు. నిటారు కర్రకు నీడే పడదు. అంటే మే నెలలో ఎండ దెబ్బ గోడలకంటే కప్పుకే ఎక్కువ. గాలి 41, 42 ఉన్న రోజున ముదురు రంగు డాబా 60 డిగ్రీలు దాటిపోతుంది. ఆ వేడి నాలుగైదు అంగుళాల స్లాబు దాటి కిందికి రావడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. సాయంత్రం బయట గాలి చల్లబడ్డాక ఇంట్లో ఉక్క మొదలయ్యేది అందుకే. సీలింగ్ మన ఒంటికంటే వేడిగా ఉంటే అది మన మీదికి వేడిని ప్రసరిస్తుంది. ఫ్యాన్ వేస్తే పైన పేరుకున్న వేడిగాలినే మంచం మీదికి తోస్తుంది. పెద్దవాళ్లు, పసిపిల్లలు రాత్రంతా నిద్ర లేకుండా దొర్లుతారు. నేను దీన్ని సౌకర్యాల విషయంగా చూడను, ఆరోగ్య విషయంగా చూస్తాను.

నా లెక్క ఒకటి చెబుతాను, సుమారుగానే తీసుకోండి. డాబా ఉపరితలం 60, గది 30 డిగ్రీలు ఉన్నప్పుడు 120 చదరపు అడుగుల గదిలోకి స్లాబు ద్వారా దిగే వేడి దాదాపు 1200 వాట్లు. అంటే మే నెలలో గదిలో ఒక రూమ్ హీటర్ పెట్టుకుని, దాన్ని ఓడించడానికి ఏసీ వేసుకున్నట్టు. అదే స్లాబు మీద రెండంగుళాల పాలీయురేథేన్ ఫోమ్ ఉంటే ఆ వేడి 150 వాట్ల లోపుకి వస్తుంది. వేడిని అడ్డుకోవడంలో ఒక అంగుళం ఫోమ్ సుమారు ఐదు అడుగుల మందం కాంక్రీటుతో సమానం. ఆ పదార్థానికున్న బలం అది.

మరి కింద కొట్టినా అంతే వేడి ఆగుతుంది కదా అంటారు. నిజమే, గదిలోకి వచ్చేది తగ్గుతుంది. రాత్రి పూట మాత్రమే ఏసీ వేసుకునే గదైతే తొందరగా చల్లబడుతుంది కూడా. కానీ పైన స్లాబు ఎప్పటిలాగే ఎండకు కాలుతుంది, రాత్రికి చల్లారుతుంది, రోజూ సాగి ముడుచుకుంటుంది. పగుళ్లు అలాగే పెరుగుతాయి. జూన్‌లో వాన నీళ్లు ఆ పగుళ్లలో దిగితే, ఇదివరకు సీలింగ్ మీద చెమ్మ మరక కనిపించేది. ఇప్పుడు ఫోమ్ దాన్ని కప్పేస్తుంది. ఇనుప చువ్వలు తుప్పు పట్టి పెచ్చులు ఊడే దాకా మనకు తెలియదు. అదే ఫోమ్ పైన ఉంటే స్లాబు నీడపట్టున ఉంటుంది, గది చల్లదనాన్ని తనలో నిలుపుకుంటుంది. కరెంటు పోయినా గది వెంటనే వేడెక్కదు. వేడిని స్లాబుకు చేరకముందే ఆపాలి. ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

అయితే ఫోమ్‌కి ముందు చేయాల్సిన చవక పని ఒకటుంది, తెల్ల పూత. మన హైదరాబాద్ ఆఫీసు భవనాల మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఉత్త కాంక్రీటు కప్పుకి తెల్ల పూత వేస్తే ఏసీకి అయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ, అంటే ఎండను తిప్పికొట్టే చల్లటి కప్పుల విధానం, తెచ్చింది. దాని ప్రకారం 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అలాంటి కప్పు తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. నన్నడిగితే ఎక్కువ అవసరం ఉన్నది చిన్న ఇళ్లకే. రెండు వందల గజాల్లో మూడంతస్తులు లేపి, పై పోర్షన్ అద్దెకిచ్చే ఇళ్లే కదా మన దగ్గర ఎక్కువ. డబ్బు లేకపోతే సున్నం కొట్టండి, ఒక ఎండాకాలం గడిచిపోతుంది. డబ్బుంటే రిఫ్లెక్టివ్ పెయింట్ వేయించండి. మన ఊరి దుమ్ముకి తెలుపు తొందరగా మాస్తుంది కాబట్టి ఏటా శివరాత్రి దాటగానే ఒకసారి కడగాలి. పాత ఇళ్లలో కనిపించే తెల్లటి చైనా మొజాయిక్ డాబా కూడా ఇదే పని చేస్తుంది, దాన్ని పగలగొట్టించకండి.

తెలుపు వేశాక కూడా చాలనివాళ్లు ఫోమ్ గురించి ఆలోచించండి. ముందు డాబా నీళ్లు నిలిపి పరీక్ష చేయించాలి, కనీసం రెండు రోజులు. కారేచోట్ల బాగుచేసి, వాలు సరిచేసి, స్లాబు బాగా ఆరాక మాత్రమే ఫోమ్. తడి మీద కొడితే పట్టదు, పొంగులు వస్తాయి. అందుకే ఫిబ్రవరి, మార్చి మంచి కాలం. మన డాబాకి కావాల్సింది క్లోజ్డ్ సెల్ రకం, అంటే నురగలోని బుడగలు దేనికది మూసుకుని ఉండేది. బుడగలు తెరుచుకుని ఉండే ఓపెన్ సెల్ స్పాంజిలా నీళ్లు పీలుస్తుంది, అది డాబా మీద పనికిరాదు. క్లోజ్డ్ సెల్ సాంద్రత ఘనపు మీటరుకి 40 కిలోలకు తక్కువ ఉండకూడదని రాతపూర్వకంగా అడగండి.

ఫోమ్‌ని ఎండకు వదిలేస్తే పసుపురంగు తిరిగి పొడిపొడిగా రాలిపోతుంది. దాని మీద కోటింగ్ గానీ, జాలీ పరిచి సిమెంటు పొర, ఆపైన టైల్స్ గానీ తప్పవు. ఒడియాలు ఎండబెట్టుకుంటాం, బట్టలు ఆరేస్తాం, ట్యాంకు చూడ్డానికి ఎక్కుతాం అనుకునే ఇళ్లకు టైల్స్ పద్ధతే నయం. ఫోమ్ బరువు లెక్కలోది కాదు. కానీ రెండంగుళాల సిమెంటు పొర చదరపు మీటరుకి వంద కిలోలు తూగుతుంది. పాత ఇల్లయితే ఇంజనీరుకి చూపించకుండా వేయించొద్దు. పై టైల్ తెల్లగానే ఉండాలి. కింద ఫోమ్ ఉన్నప్పుడు వేడి లోపలికి దిగలేక ఆ పై పొరలోనే నిలిచిపోతుంది, ముదురు రంగైతే కాళ్లు కాలతాయి.

ఇక్కడ ఒక లోటు కూడా చెప్పాలి. ఉత్త స్లాబు రాత్రిపూట ఆకాశానికి వేడిని వదులుతుంది. ఫోమ్ వేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఫోమ్ ఇంటిని చల్లబరచదు, బయటి వేడిని రానివ్వదు, అంతే. పడమటి కిటికీలోంచి వచ్చే ఎండ, వంటింటి వేడి లోపలే ఉండిపోతాయి. కాబట్టి పడమటి కిటికీలకు తెర కట్టాలి, రాత్రి పది దాటాక కిటికీలు తెరవాలి.

ఇప్పుడు రేకుల గదులు. డాబా మీద రేకులు వేసి, పెంట్‌హౌస్ అని పేరు పెట్టి అద్దెకిస్తున్నాం. ఉద్యోగం కోసం ఊరు నుంచి వచ్చిన పిల్లలు, వాచ్‌మన్ కుటుంబాలు అందులో ఉంటున్నారు. రేకు వేడెక్కిన నిమిషాల్లో గది వేడెక్కుతుంది. ఇక్కడ అమెరికా పద్ధతి సరిగ్గా సరిపోతుంది: రేకు కింద ఫోమ్. అయితే ఆ ఫోమ్‌ని అలా బయటికి వదిలేయకూడదు. అంటుకుంటే వేగంగా మండుతుంది, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ ఉంటాయి. ఒకే గదిలో గ్యాస్ పొయ్యి, పడక రెండూ ఉండే చోట ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. జిప్సమ్ బోర్డు లాంటి మండని పొర దాని కింద కచ్చితంగా బిగించాలి. ఆ ఖర్చు పెట్టలేకపోతే ఫోమ్ వద్దు, రేకు మీద తెల్లరంగు వేయండి. పాత ఆస్‌బెస్టాస్ రేకులైతే గీకడం, రంధ్రాలు వేయడం, ప్రెషర్‌తో కడగడం అసలు చేయొద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు.

కొట్టేవాళ్ల గురించి కూడా అడగండి. ఈ ఫోమ్ రెండు ద్రవాలు కలిస్తే తయారవుతుంది, అందులో ఒకటి ఐసోసయనేట్. దానికి ఒకసారి ఎలర్జీ పట్టుకుంటే, తర్వాత కొద్దిపాటి తగిలినా ఆస్తమా రావచ్చు. పని చేసే కుర్రాళ్లు మూతికి రుమాలు కట్టుకుని వస్తే పని ఆపించండి. బయటి నుంచి మంచి గాలి అందే మాస్కు, గ్లవ్స్, ఒళ్లంతా కప్పే సూటు ఉండాలి. ఇంట్లోవాళ్లు కనీసం ఒక రోజు వేరేచోట ఉండాలి. రెండంగుళాలు ఒక్కసారే కొట్టొద్దని, పొరలుగా కొట్టి మధ్యలో చల్లారనివ్వమని చెప్పండి. మందంగా ఒకేసారి కొడితే లోపల వేడి పుట్టి మాడుతుంది, అంటుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఇంకోటి, ఓజోన్ పొరకు హాని చేసే హెచ్‌సీఎఫ్‌సీ-141బీ అనే వాయువును ఫోమ్ తయారీలో వాడటం మన దేశం 2020 జనవరి నుంచి ఆపేసింది. పాత స్టాకు అంటగడుతున్నారేమో డబ్బా మీద చదవండి.

నా దగ్గరున్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని ఈ బల్ల మీద పెడుతున్నాను. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టింది కాదు, ఇది గోడలు, కప్పులు కొలిచేది. పేరు రాసి ఒక్కొక్కరు ఒక్కో రాత్రికి తీసుకెళ్లండి. పది గంటలకు ప్రతి గది సీలింగ్ మీద, కింద అంతస్తువాళ్ల సీలింగ్ మీద కొలిచి రెండూ పక్కపక్కన రాయండి. డాబా మీద రేకుల గది అద్దెకిచ్చినవాళ్లు ముందుగా తీసుకోండి, కొలిచేటప్పుడు అద్దెకున్నవాళ్లను పక్కన ఉంచుకోండి. ఆ అంకెలు చూశాక ఎవరికి సున్నం చాలు, ఎవరికి ఫోమ్ కావాలి అన్నది ఇంటింటికీ విడిగా కూర్చుని మాట్లాడుకుందాం.