మెడలో కర్ర ముక్క

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరికీ కలిపి ఒకే దండం, ఏమీ అనుకోకండి, టైం తక్కువ. వి.వి. గిరి గారి జయంతి కదా, ఆయన డబ్లిన్ చదువు గురించి చెప్పమన్నారు.

గిరి గారు 1913లో లా చదవడానికి ఐర్లండ్ వెళ్లారు. 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం, బ్రిటిష్ పాలన మీద లేచిన తిరుగుబాటుదారులు డబ్లిన్ నడిబొడ్డున పెద్ద పోస్టాఫీసును పట్టుకున్నారు. దాని ముందు పాట్రిక్ పియర్స్ స్వాతంత్ర్య ప్రకటన చదివాడు. ఆరు రోజుల్లో అణిచేశారు. మే 3న పియర్స్‌ను కాల్చి చంపారు. గిరి గారిని ఆ ఏడాదే దేశం వదిలి పొమ్మన్నారు.

ఈ పియర్స్ ఎవరనుకున్నారు? బడిపంతులు. 1908లో సొంతంగా బడి పెట్టి, పిల్లలకు వాళ్ల సొంత భాష ఐరిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ పాఠాలు చెప్పించాడు. ఎందుకంటే, అంతకుముందు శతాబ్దంలో అక్కడ పిల్లల మెడలో కర్ర ముక్క కట్టేవారు. ఐరిష్‌లో మాట్లాడితే కర్ర మీద ఒక గాటు. ఎన్ని గాట్లుంటే బడిలో అన్ని దెబ్బలు. ఇంట్లో ఆ గాటు పెట్టింది ఎవరో తెలుసా? కన్నవాళ్లే!

వాళ్లను తిట్టబుద్ధి కాదు నాకు. 1845లో బంగాళాదుంపకు తెగులొచ్చింది. ఆ కరువులో దాదాపు పది లక్షల మంది పోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. అమెరికాలో బతకాలంటే ఇంగ్లిష్ కావాలి. బిడ్డ బతకాలని గాటు పెట్టారు.

వెనక కూర్చున్న పిల్లలూ, ఇది మీరు వినాలి. మా చెల్లి మూడో తరగతిలో "అక్కా, దాహం" అని తెలుగులో అంది నాతో. అంతే. మెడలో పలక వేసి ఎండలో నిలబెట్టారు. నీళ్లు ఇవ్వనివ్వలేదు. ఇంటికెళ్లి చెబితే నాన్న, "మంచికే కదమ్మా" అన్నారు. మా నాన్న చెడ్డవాడు కాదు. కర్ర మీద గాటు పెట్టిన ఆ తండ్రీ కాదు.

ఇంగ్లిష్ మీద కోపంతో అనడం లేదు. పియర్స్‌తో పాటు అదే రోజు ప్రాణమిచ్చిన థామస్ మెక్‌డోనా, గిరి గారు చదివిన యూనివర్సిటీలోనే ఇంగ్లిష్ సాహిత్యం చెప్పేవాడు. అంత ఇంగ్లిష్ వచ్చినవాడు ఐరిష్ కవిత్వం మీద ప్రాణం పెట్టుకున్నాడు. రెండూ ఉండొచ్చండీ, రెండూ ఉండొచ్చు!

ఇప్పుడు అక్కడ ఐరిషే మొదటి అధికార భాష. అయినా 2022 జనగణనలో, బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడతామన్నవాళ్లు 72 వేల మంది. దేశ జనాభా 50 లక్షలు దాటింది.

గంట కొట్టేశారు. గిరి గారి కార్మిక ఉద్యమం సంగతి తర్వాత మాట్లాడేవారు చెబుతారు. మీలో ఎవరి మెడలోనైనా ఆ పలక పడి ఉంటే, సభ అయ్యాక నా దగ్గరికి రండి. ఏ ఏడు, ఏ తరగతి, ఏ మాట అన్నందుకు వేశారో చెప్పండి. నోట్‌బుక్ తెచ్చుకున్నాను, రాసుకుంటాను.