గీజర్ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయా? పడనివ్వండి

ఇదిగో, ఇది చూడండి. సున్నంలో ముంచి తీసిన పుల్లలా ఉంది కదా, ఇది మా గీజర్ ఎలిమెంట్, అంటే లోపల నీళ్లను వేడిచేసే కడ్డీ. మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు, నల్లా నీళ్లు తాగడానికీ వంటకీ సరిపోతాయి, స్నానాలకు మాత్రం బోరే. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, నీళ్లు వేడెక్కేసరికి విడిపోయి ఎలిమెంటుకు అంటుకుని గట్టిపడుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్ల పొర కడుతుంది చూడండి, అదే, కాకపోతే ఇక్కడ వేలంత మందం.

దీనివల్ల కరెంటు బిల్లు రెండింతలవుతుందని కొందరు భయపెడతారు, అది నేను ఒప్పుకోను, ఎందుకంటే 2000 వాట్ల ఎలిమెంట్ తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే మారాలి, ఇంకెక్కడికి పోతుంది? అసలు గొడవ వేరే. ఆ పొర వల్ల వేడి త్వరగా నీళ్లలోకి దిగదు, ఎలిమెంట్ లోపల్లోపలే మాడుతుంది, పైతొడుగు పగులుతుంది, పగుల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి. అప్పుడు స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, పడిపోతుంది.

మాకు సరిగ్గా భోగి ముందు రోజు పడిపోయింది. సంక్రాంతికి హైదరాబాద్‌లో ప్లంబర్ దొరకడం సంగతి మీకు తెలిసిందే, నేను ఫోన్ చేసిన ముగ్గురూ అప్పటికే ఊరెళ్లే బస్సులో ఉన్నారు. సరే మనమే చూద్దాం అని మీటర్ బోర్డులో గీజర్ లైను స్విచ్ (ఎంసీబీ) దించి, ప్లగ్ కూడా పీకి (రెండూ చేయండి, ఒక్క స్విచ్ ఆపి చెయ్యి పెట్టొద్దు), మల్టీమీటర్ పెట్టాను. ఎలిమెంట్ రెండు కొసల మధ్య 26 ఓమ్‌లు చూపించింది, 2000 వాట్లదానికి అది కరెక్టే. అయితే బాగానే ఉందిగా అనుకుంటాం, అక్కడే పప్పులో కాలేస్తాం. ఒక కొసకీ ఎలిమెంట్ బాడీకీ మధ్య కూడా మీటర్ పెట్టాలి, అక్కడ అసలు రీడింగే రాకూడదు. నాకు వచ్చింది. అంటే కరెంటు బాడీలోకి లీక్ అవుతోంది. కొంతమంది ఇలాంటప్పుడు ఎర్త్ వైరు తీసేసి ‘సెట్ అయింది’ అంటారు, వాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియట్లేదు.

గీజర్‌కు నీళ్లొచ్చే కుళాయి, అదే యాంగిల్ కాక్, కట్టేసి, వేడినీళ్ల ట్యాప్ తెరిచి, కింద కనెక్షన్ పైపు విప్పితే ట్యాంకు ఖాళీ అయింది. ఎలిమెంట్ బిగించి ఉండే మూత (ఫ్లాంజ్) నట్లు తీయగానే అర బకెట్ తెల్ల పెచ్చులు నా మొహం మీదే రాలాయి. లోపల స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, గ్లాస్ పూత ఉన్న ట్యాంకైతే పూత లేచి తుప్పు మొదలవుతుంది. నేను చెక్క గరిటె వాడాను, ఆ గరిటె గురించి ఇంట్లో ఇంకా మాటొస్తూనే ఉంటుంది. అంటుకున్నది కరగాలంటే కిరాణాలో దొరికే నిమ్మ ఉప్పు చాలు, బాత్రూం యాసిడ్ జోలికి వెళ్లొద్దు. మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు బదులు తను తుప్పు పట్టడమే దాని పని, మాది కరిగి తీగలా మిగిలింది, మార్చేశాను. రబ్బరు గాస్కెట్ మాత్రం పాతది మళ్లీ వేయకండి.

రాత్రికల్లా కొత్త ఎలిమెంట్ బిగించి గర్వంగా స్విచ్ వేశాను. యాంగిల్ కాక్ తెరవలేదు. ట్యాంకులో చుక్క నీళ్లు లేవు. నిమిషం తిరక్కుండానే కొత్త ఎలిమెంట్ మాడిపోయింది, భోగి తలంట్లకు నీళ్లు గ్యాస్ పొయ్యి మీదే కాచుకున్నాం. ముందు నీళ్లు వదిలి, వేడినీళ్ల ట్యాప్‌లోంచి బుస్సుమనే గాలి పోయి ధార నిలకడగా వచ్చాకే స్విచ్.

ఇప్పుడు అసలు విషయం. ఈ వీడియో చేసిందే దీనికోసం. మా కింద ఫ్లోర్ అంకుల్ మాది చూసి ‘మా గీజర్ చుక్కలు కారుతుంటే నేనే బాగు చేసుకున్నా’ అన్నారు. వెళ్లి చూస్తే సేఫ్టీ వాల్వ్ నోటికి టెఫ్లాన్ టేప్ చుట్టి మరీ ఎండ్ క్యాప్ బిగించి ఉంది!

15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే 200 మిల్లీలీటర్ల దాకా ఉబ్బుతాయి. చాలా వాల్వుల్లో నీళ్లు వెనక్కి పోకుండా అడ్డు ఉంటుంది కాబట్టి ప్రెషర్ పెరుగుతుంది, మామూలుగా 8 బార్ దగ్గర వాల్వ్ తెరుచుకుని ఆ గ్లాసు నీళ్లు బయటికి వదులుతుంది. అంటే వేడెక్కేటప్పుడు చుక్కలు పడటం రిపేరు కాదు. స్విచ్ ఆపాక కూడా రోజంతా కారుతుంటే వాల్వ్‌లో పెచ్చు ఇరుక్కుందనో, ప్రెషర్ పంప్ ఎక్కువైందనో చూడాలి. మూసేస్తే మాత్రం, ఏదో ఒక రోజు వేడి చాలగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ ఇరుక్కుని, వేడి మితిమీరితే కరెంటు కట్ చేసే కటౌట్ మాటిమాటికీ పడిపోతోందని ఎవరో దాని వైర్లు కూడా కలిపేసి ఉంటే, ఆ నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగడానికి చోటుండదు. ట్యాంకు పగిలిన క్షణంలో అందులో కొంత ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది, దాని కిందే కదా మనం నిలబడి స్నానం చేసేది.

అంకుల్‌ని ఒప్పించడానికి రెండు టీలు పట్టింది. క్యాప్ నేనే తీసి, ఒక సన్నపైపు తగిలించి డ్రెయిన్‌లోకి వదిలాను. ఆంటీ మాత్రం ఆ పైపు కింద మగ్గు పెట్టారట, నీళ్లు వృథా అవుతున్నాయని.